ఇంట్లో కాచుకునే మౌత్‌వాష్: ఏ ఆకు, ఏ బెరడు, ఎంత కొలత, ఎప్పుడు పుక్కిలించాలి

షాపులో కొన్న మౌత్‌వాష్ నోట్లో పోసుకుంటే మంట, ఆల్కహాల్ ఘాటు, పైగా నెల తిరక్కుండా సీసా ఖాళీ. దాని బదులు జామాకో వేపాకో మరిగించి పుక్కిలిస్తే పోలేదా అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజమే, కొన్ని మొక్కలు ఈ పనికి బాగా ఉపయోగపడతాయి, వాటి మీద పరీక్షలు కూడా జరిగాయి. కానీ పద్ధతి తెలిసి చెయ్యాలి. ఇనప మూకుడులో కాచిన త్రిఫల, వారం రోజులు గట్టు మీద ఉంచిన కషాయం, నీళ్ళలో చుక్కలు చుక్కలుగా వేసుకునే లవంగ నూనె, పళ్ళు తెల్లబడతాయని నిమ్మరసం, ఇవన్నీ మేలు కంటే చేటే ఎక్కువ చేస్తాయి. అందుకే కొలతలతో, గిన్నెతో, టైముతో సహా మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

పాచి వేరు, గార వేరు

పొద్దున లేవగానే నాలుకతో కింది పళ్ళ వెనక తడిమి చూడండి, జిగటగా ఒక పొర తగులుతుంది. అదే పాచి. అదంతా బాక్టీరియా. మనం తిన్న తీపినీ పిండిపదార్థాన్నీ అవి ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం వల్ల నోట్లో పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5.5 కంటే కిందికి దిగితే పంటి పైనుండే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. పన్ను పుచ్చడం అక్కడే మొదలు. ఆ పాచిని తీయకుండా రోజుల తరబడి వదిలేస్తే లాలాజలంలో ఉండే కాల్షియం, ఫాస్ఫేట్ దానికి పట్టుకుని గట్టిపడిపోతుంది. అది గార.

మౌత్‌వాష్ ఏదైనా సరే, కొన్నదైనా కాచుకున్నదైనా, పని చేసేది పాచి మీదే. అది కూడా బ్రష్షు తీసేసిన తర్వాత మిగిలినదాని మీద, మళ్ళీ కొత్తగా పట్టకుండా. గట్టిపడిన గారని ఏ కషాయమూ కరిగించలేదు, దాన్ని డెంటిస్టు స్కేలింగ్ చేసి తీయాల్సిందే. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయి" అని మన ఇళ్ళల్లో గట్టి నమ్మకం ఒకటి ఉంది. కదిలేది క్లీనింగ్ వల్ల కాదు, గార కింద చిగురు, ఎముక అప్పటికే దెబ్బతిని ఉండటం వల్ల. పళ్ళ సందుల్లో దట్టంగా కూరుకుపోయిన గార తీసేశాక ఆ ఖాళీ, ఆ కదలిక కొత్తగా తెలుస్తాయి, అంతే. కాబట్టి మీ పళ్ళ మీద ఇప్పటికే పసుపు పచ్చగానో గోధుమ రంగులోనో గార కనిపిస్తుంటే ముందు స్కేలింగ్ చేయించుకుని, ఆ తర్వాత ఈ కషాయాలు మొదలుపెట్టండి. అప్పుడే వీటి అసలు ఉపయోగం తెలుస్తుంది.

వగరువి మరిగించాలి, ఘాటువి మరిగించకూడదు

ఈ ఒక్క సూత్రం గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

నోటికి పనికొచ్చే మొక్కల్లో రెండు రకాలు. జామాకు, నల్లతుమ్మ బెరడు, కరక్కాయ, దానిమ్మ తొక్క, ఇవి వగరుగా ఉంటాయి. ఆ వగరుకి కారణం టానిన్లు. ఇవి చిగుళ్ళ మీద ప్రొటీన్లని పట్టి బిగిస్తాయి, కారే రక్తాన్ని, వాపుని తగ్గిస్తాయి, బాక్టీరియా పంటికి అంటుకోవడాన్ని అడ్డుకుంటాయి. టానిన్లు నీళ్ళలో దిగాలంటే వేడి కావాలి, టైము కావాలి. అందుకే వీటిని సన్నటి మంట మీద మరిగించాలి.

లవంగం, వాము, పుదీనా, తులసి రెండో రకం. వీటి బలమంతా ఘాటులో, అంటే ఆవిరైపోయే నూనెల్లో ఉంటుంది. గిన్నె మూత తీసి ఇరవై నిమిషాలు మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, కానీ ఆ వాసన గిన్నెలోంచి పోయినదే కదా, మీకు మిగిలేది రంగు నీళ్ళే. వీటిని వేడి నీళ్ళలో వేసి మూత పెట్టి నానబెట్టాలి.

వాము గురించి ఒక సంగతి చెప్పాలి. 1879లో అమెరికాలో మొదలైన లిస్టరిన్ అనే మౌత్‌వాష్ ఇప్పటికీ నిలబడి ఉన్నది నాలుగు పదార్థాల మీద. అవి థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్. మొదటిది మన వాములో ఉండే ప్రధానమైన నూనె, రెండోది నీలగిరి తైలంలో ఉండేది, మూడోది పుదీనా జాతిది. కర్నూలు వైపు పొలాల్లో పండే వాముకీ, సూపర్‌మార్కెట్లో సీసాకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని చాలామందికి తెలియదు. అలాగని ఇంట్లో వాము నీళ్ళు అచ్చంగా ఆ సీసాతో సమానం కాదు, అందులో కొలిచి కలిపిన మోతాదు ఉంటుంది, మన గ్లాసులో ఎంత దిగిందో కొలవలేం. కానీ దారి అదే.

గిన్నె దగ్గర జాగ్రత్త

స్టీలు గిన్నె, లేదా వేడికి తట్టుకునే గాజు పాత్ర వాడండి. ఇనుము అసలు వద్దు, అల్యూమినియం, కళాయి లేని రాగి, ఇత్తడి కూడా వద్దు.

ఇనుము ఎందుకు వద్దో శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళని అడిగితే చక్కగా చెబుతారు. వాళ్ళు గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్ళతో దాని మీద గీత గీస్తారు. ఆ గీత గుడ్డని తాకగానే నల్లగా తేలుతుంది. టానిన్, ఇనుము కలిస్తే జరిగేది అదే. ఇనప మూకుడులో త్రిఫల కాస్తే కూడా నల్లటి సిరా తయారవుతుంది, దాన్ని పళ్ళ మీద పుక్కిలించడం ఎవరికీ అవసరం లేదు. బోరు నీళ్ళలో ఇనుము ఎక్కువగా ఉన్న ఊళ్ళలో స్టీలు గిన్నెలో కాచినా కషాయం నల్లబడుతుంది, అలాంటి చోట తాగే నీళ్ళు, ఫిల్టరు నీళ్ళు వాడుకోండి.

గిన్నె కాక ఇంకేం కావాలంటే, పల్చటి శుభ్రమైన నూలు గుడ్డ, మూతున్న గాజు సీసా, ఒక టీ స్పూను, 200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసు. టీ వడకట్టే జల్లెడ చాలదు, పొడి నలకలు దాంట్లోంచి జారిపోతాయి.

రోజువారీకి: జామాకు

నన్నడిగితే మొదటిసారి చేసేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టాలి. దొరకడం తేలిక, రుచి భరించగలం, పొరపాటున ఒక గుక్క మింగినా భయం లేదు.

మరీ లేత చిగురు కాకుండా, ముదిరి గట్టిపడినవి కాకుండా మధ్యస్తంగా ఉన్న ఆకులు ఎనిమిది పది కోయండి. ఆకు వెనక వైపు సన్నటి నూగు ఉంటుంది, దుమ్మూ, తెల్లనల్లి ఉంటే అక్కడే ఉంటాయి, కాబట్టి వెనక్కి తిప్పి వేలితో రుద్ది మరీ కడగండి. మందు కొట్టిన తోట అయితే ఆ ఆకులు వద్దు. కడిగిన ఆకుల్ని చేత్తో చింపి రెండు గ్లాసుల నీళ్ళలో వేసి, పొంగు వచ్చాక మంట తగ్గించి పది పదిహేను నిమిషాలు ఉంచితే నీళ్ళు ఒక గ్లాసుకి వస్తాయి. రంగు లేత టీలాగా ఉండాలి. మరీ ముదురు ఎరుపులోకి వస్తే ఎక్కువ మరిగినట్టు, ఇంకో అర గ్లాసు వేడి నీళ్ళు కలపండి. చల్లారాక గుడ్డలో వడకట్టి చిటికెడు ఉప్పు వెయ్యండి. నోటి పూత ఉన్నప్పుడు మాత్రం ఉప్పు మానెయ్యండి, చురుక్కుమంటుంది.

నోటి పూతకి దీంట్లోనే అర స్పూను అతిమధురం పొడి వేసి మరిగిస్తే బావుంటుంది, కాస్త తియ్యగా ఉంటుంది కాబట్టి వగరు నచ్చనివాళ్ళు కూడా పుక్కిలిస్తారు. తీపి కోసం తేనె, పంచదార మాత్రం కలపకండి, పాచికి మేత వేసినట్టే అవుతుంది.

ఇండియాకి బయట ఉన్నవాళ్ళకి పచ్చి ఆకు దొరక్కపోవచ్చు. ఆసియా సరుకుల షాపుల్లో జామాకు టీ అని ఎండబెట్టిన ఆకు అమ్ముతారు, చక్కెర, రుచి కోసం కలిపేవి ఏవీ లేనిది చూసి తీసుకుంటే సరిపోతుంది. రెండు స్పూన్లకి రెండు గ్లాసుల నీళ్ళు.

చిగుళ్ళకి: త్రిఫల

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ఇది మన ఇళ్ళల్లో కడుపు కోసం ఎక్కువ వాడతారు గానీ, నోటి విషయంలో గట్టి ఆధారాలున్న కషాయం ఇదే. డెంటిస్టులు రాసే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌నీ త్రిఫలనీ పక్కపక్కన పెట్టి మన దేశంలో దంతవైద్యులు కొన్ని పరీక్షలు చేశారు, పాచి, చిగుళ్ళ వాపు తగ్గడంలో రెండూ దగ్గరదగ్గరగా వచ్చినవి వాటిలో ఉన్నాయి. అయితే అవి ఎక్కువగా కొద్దిమందితో, కొన్ని వారాలపాటు చేసినవే. కాబట్టి త్రిఫల పనిచేస్తుంది అనడానికి అవి చాలు, క్లోర్‌హెక్సిడిన్‌ని పారేయండి అనడానికి చాలవు.

ఒక టీ స్పూను చూర్ణం ఒక గ్లాసున్నర నీళ్ళలో రాత్రి నానబెట్టండి. పొద్దున సన్నటి సెగ మీద సగానికి వచ్చేదాకా కాచి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేటని మాత్రం గుడ్డలో పోసి వడకట్టండి, ఆ గుడ్డని మడతపెట్టి ఇంకోసారి వడకట్టండి. ఈ రెండోసారి బద్ధకించొద్దు. వేలి కొసకి కొంచెం రాసుకుని చూస్తే గరగర తగలకూడదు, ఆ గరుకుతోనే పుక్కిలిస్తే నలకలు చిగుళ్ళ సందులో ఇరుక్కుని లేనిపోని మంట తెస్తాయి.

ఉసిరి వల్ల ఇది కొంచెం పుల్లగా, అంటే ఆమ్లంగా ఉంటుంది. కాబట్టి పుక్కిలించాక మామూలు నీళ్ళతో ఒకసారి నోరు కడుక్కోండి, అరగంట దాకా బ్రష్షు చెయ్యకండి. ఆమ్లం తగిలిన ఎనామెల్ కాసేపు మెత్తబడి ఉంటుంది, అప్పుడు రుద్దితే అరుగుతుంది. పళ్ళు ఇప్పటికే జివ్వుమంటున్నవాళ్ళు త్రిఫల బదులు జామాకే వాడండి.

రెడీమేడ్ పొడి కొంటే తయారైన తేదీ చూడండి, గట్టిగా మూసి ఉన్న ప్యాకెట్ తీసుకోండి. కాయలే కొని దంచుకుంటే ఇంకా మంచిది. హైదరాబాద్ బేగంబజార్ లాంటి చోట్ల, చాలా ఊళ్ళలో మూలికలు అమ్మే కొట్లలో విడి కాయలు దొరుకుతాయి, గింజ తీసేసి పెచ్చు మాత్రం దంచాలి.

రక్తం కారుతుంటే: నల్లతుమ్మ బెరడు

తుమ్మ పుల్లతో పళ్ళు తోముకున్న తరం ఇంకా మన ఊళ్ళలో ఉంది. అదే బెరడుతో చేసే కషాయం చిగుళ్ళని గట్టిగా పట్టుకుంటుంది. తోళ్ళు పదును పెట్టడానికి వాడినది కూడా ఈ తుమ్మ చెక్కే, అందులో టానిన్ అంత ఎక్కువ.

అయితే ఏ తుమ్మ? ఊళ్ళ చుట్టూ, చెరువు కట్టల మీద, ఖాళీ జాగాల్లో విపరీతంగా పెరిగేది చాలాచోట్ల సర్కారు తుమ్మ. అది వేరే చెట్టు, దాన్ని ఈ పనికి వాడకండి. నల్లతుమ్మని గుర్తుపట్టడానికి కాయ చూడాలి. గింజ గింజకీ మధ్య నొక్కుకుపోయి, పూసలు గుచ్చినట్టు ఉంటుంది, పైన బూడిదరంగు నూగు ఉంటుంది. పువ్వు గుండ్రంగా, పసుపు పచ్చటి బంతి. ముళ్ళు తెల్లగా, తిన్నగా, జంటలుగా వస్తాయి. బెరడు నల్లగా, లోతైన పగుళ్ళతో ఉంటుంది, ఆ పగుళ్ళ దగ్గర బంక కారుతూ కనిపిస్తుంది. సర్కారు తుమ్మకి పువ్వు బంతిలా ఉండదు, వేలెడు పొడవు కంకిలా వేలాడుతుంది, కాయ నొక్కులు లేకుండా లేత పసుపు రంగులో ఉంటుంది. ఎంత చూసినా సందేహంగా ఉంటే కోయకండి, కొట్లో ఎండు బెరడు అడిగి కొనుక్కోండి.

చెట్టు నుంచి తీసుకుంటే మాను మీద బెరడు ఒలవకండి, చుట్టూతా ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. బొటనవేలంత లావు కొమ్మ ఒకటి నరికి దాని బెరడు తీసి నీడన ఆరబెట్టుకుంటే చాలారోజులు వస్తుంది.

పది గ్రాములు, అంటే దాదాపు రెండు వేళ్ళ పొడవు ముక్కలు నాలుగైదు, కచ్చాపచ్చాగా దంచి రెండు గ్లాసుల నీళ్ళలో ఇరవై నిమిషాలు మరిగించి సగానికి తేవాలి. ఇది చిక్కటి కషాయం, అలాగే పోసుకుంటే నోరు పిడచకట్టుకుపోతుంది. వాడేటప్పుడు సమానంగా నీళ్ళు కలుపుకోండి. రోజుకి రెండుసార్లు, రెండు వారాలు, తర్వాత ఆపెయ్యండి. ఎక్కువ కాలం వాడితే పళ్ళ మీద గోధుమ రంగు మరక పడుతుంది, అది టీ ఎక్కువ తాగేవాళ్ళకి పడే మరక లాంటిదే, పాలిష్ చేయిస్తే పోతుంది. క్లోర్‌హెక్సిడిన్ వల్ల కూడా నాలుగు వారాలు దాటితే ఇలాంటి మరకే పడుతుంది, మొక్కది కాబట్టి మరక పడదు అనుకోవద్దు.

ఇంకో మాట. రక్తం వస్తోందని బ్రష్షు ఆపేసేవాళ్ళు ఎంతమందో. సరిగ్గా దానికి ఉల్టా చెయ్యాలి. రక్తం వస్తున్నది అక్కడ పాచి ఉండి చిగురు వాచినందువల్ల, మెత్తటి బ్రష్షుతో అక్కడే ఇంకాస్త శ్రద్ధగా తోమితే వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. బెరడు కషాయం దానికి తోడు.

నోటి వాసనకి: లవంగం, వాము

నాలుగు లవంగాలు, అర టీ స్పూను వాము రోట్లో ఒక్క దంపు దంచి, బాగా మరిగి దింపిన గ్లాసు నీళ్ళలో వేసి వెంటనే మూత పెట్టండి. పావుగంట. మూతకి లోపలివైపు పట్టిన చెమ్మని కూడా గిన్నెలోకే దులపండి, వాసన నూనె కొంత అందులో ఉంటుంది. కావాలంటే నాలుగు పుదీనా ఆకులు. వడకట్టి గోరువెచ్చగా వాడండి.

దీనికంటే ముందు నాలుక గీసుకోండి. నోటి వాసనలో ఎక్కువ భాగం నోట్లోంచే వస్తుంది, అందులోనూ నాలుక వెనక భాగం నుంచి, అక్కడ పేరుకున్న తెల్లటి పొరలో బాక్టీరియా గంధకం వాయువులు తయారుచేస్తాయి. పొర అలాగే ఉంచి పైన ఎన్ని లవంగాలు పోసినా అరగంటే. వేప పుల్ల నమిలి, చీల్చి నాలుక గీసుకున్న పద్ధతి ఎంత తెలివైనదో ఇక్కడ అర్థమవుతుంది. స్టీలు బద్ద అయితే ఇంకా సులువు.

లవంగ నూనె సంగతి వేరు. లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్, అది నీళ్ళలో కలవదు, నీళ్ళకంటే బరువు కాబట్టి చుక్కలుగా అడుక్కి దిగుతుంది, ఆ చుక్క తగిలినచోట చర్మం కాలినట్టు పొక్కుతుంది. దాన్ని మౌత్‌వాష్‌లో వెయ్యకండి. పిల్లలకి అందకుండా పెట్టండి, వాళ్ళు మింగితే లివర్‌కి ప్రమాదం. పన్ను పోటుకి దూది కొసతో తాకించుకుంటే కాసేపు మొద్దుబారుతుంది, అది డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా గడవడానికే, పిప్పి పన్ను పిప్పి పన్నుగానే ఉంటుంది.

మిగతావి, టూకీగా

వేపాకు నీళ్ళు కాచుకోవచ్చు, గుప్పెడు ఆకుకి రెండు గ్లాసులు, జామాకులాగే. చేదుకి ఓర్చుకోగలిగితే మంచిదే. వేప నూనె మాత్రం నోట్లోకి వద్దు, పసిపిల్లలకి అది విషం. గర్భిణులు వేపకి దూరంగా ఉండండి. దానిమ్మ తొక్క ఎండబెట్టి తుమ్మ బెరడులాగే వాడుకోవచ్చు. పసుపు నీళ్ళు పుక్కిలిస్తే పుండుకి ఉపశమనం ఉంటుంది, కానీ పసుపు నీళ్ళలో సరిగ్గా కరగదు, వాష్‌బేసిన్, బ్రష్షు అన్నీ పచ్చబడతాయి, కల్తీ లేని ఇంటి పసుపు అయితేనే వాడండి.

గోరువెచ్చటి ఉప్పునీళ్ళని చిన్నచూపు చూడకండి. గ్లాసు నీళ్ళకి అర టీ స్పూను ఉప్పు. పన్ను తీయించుకున్నాక మొదటి రోజు అసలు పుక్కిలించకూడదు, గాయం మీద గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. ఇరవై నాలుగు గంటలు దాటాక మెల్లగా ఉప్పునీళ్ళు, అంతే. కషాయాలు గాయం మానాకే.

నువ్వుల నూనె పుక్కిట పట్టడం చాలామంది అడుగుతారు. ఒక పెద్ద స్పూను, పరగడుపున, ఐదు పది నిమిషాలు మెల్లగా తిప్పి, చెత్తబుట్టలో ఉమ్మాలి, సింకులో ఉమ్మితే పైపు పూడుకుపోతుంది. పాచి కొంత తగ్గుతుందని చిన్న పరీక్షల్లో తేలింది. శరీరంలో విషాలన్నీ లాగేస్తుందనేది మాత్రం నమ్మకండి. మింగడంలో ఇబ్బంది ఉన్న పెద్దవాళ్ళు, పిల్లలు దీని జోలికి పోకూడదు, నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది.

నిల్వ

ఇందులో ప్రిజర్వేటివ్ ఏదీ లేదు, కాబట్టి పప్పుచారు ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో ఇదీ అంతే అనుకోండి. గాజు సీసాని, మూతని మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచి ఆరబెట్టి, చల్లారిన కషాయం పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు. బయటైతే ఆ పూటే, వేసవిలో మరీను. పైన తెల్లటి పొర కట్టినా, మూత తీస్తే బుస్సుమన్నా, పులిసిన వాసన వచ్చినా పారబోయండి. సీసా నోటికి పెట్టి పీల్చకండి, చిన్న గ్లాసులోకి వంపుకుని వాడండి, మిగిలింది మళ్ళీ సీసాలో పొయ్యకండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడుతుంటే ఎవరి గ్లాసు వాళ్ళది.

ఎప్పుడు, ఎలా

చాలామంది బ్రష్షు అవగానే పుక్కిలిస్తారు. అది సరైన టైము కాదు. పేస్టులో ఉండే ఫ్లోరైడ్ పంటి మీద కాసేపు ఉండాలి, వెంటనే కషాయం పోస్తే అది కొట్టుకుపోతుంది. మొక్కల కషాయాల్లో పేస్టు ఇచ్చేంత ఫ్లోరైడ్ ఉండదు కాబట్టి పన్ను పుచ్చకుండా కాపాడే పని పేస్టుదే, దాన్ని చెయ్యనివ్వండి. పొద్దున, రాత్రి బ్రష్షు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకసారి, సాయంత్రం ఒకసారి కషాయం. ఆఫీసులో ఉండేవాళ్ళు చిన్న సీసాలో తీసుకెళ్ళొచ్చు, లేదంటే సాయంత్రం ఒక్కసారైనా చాలు.

ముందు మామూలు నీళ్ళతో నోరు కడిగి మెతుకులు పోగొట్టండి. రెండు మూడు స్పూన్ల కషాయం తీసుకుని బుగ్గలు కదిలిస్తూ, పళ్ళ సందుల్లోంచి ముందుకీ వెనక్కీ లాగుతూ ముప్పై సెకన్ల నుంచి ఒక నిమిషం తిప్పండి. నోరు నిండా పోసుకుంటే కదల్చడానికి చోటు ఉండదు. చివర్లో తల వెనక్కి వాల్చి కాసేపు గొంతు దాకా పుక్కిలించి ఉమ్మెయ్యండి. తర్వాత అరగంట ఏమీ తినకుండా ఉంటే మంచిది.

రెండు వారాలయ్యాక చూసుకోవాల్సినవి ఇవి. ఉమ్మినప్పుడు రక్తం తగ్గిందా, పళ్ళ మధ్య చిగురు కొసలు ఉబ్బు దిగి సన్నబడ్డాయా, పొద్దున నోరు కాస్త తేటగా ఉందా. చిగుళ్ళ రంగు చూసి టెన్షన్ పడకండి, మన ఒంటి రంగులో చాలామందికి చిగుళ్ళు నల్లగానే ఉంటాయి, అది జబ్బు కాదు.

వీళ్ళు ఆగి ఆలోచించాలి

ఆరేళ్ళలోపు పిల్లలకి ఏ మౌత్‌వాష్ వద్దు, ఉమ్మడం సరిగ్గా రాదు, మింగేస్తారు. ఆపరేషన్ తర్వాతో, చిగుళ్ళ చికిత్సలోనో డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ రాస్తే చెప్పినన్ని రోజులు అదే వాడండి, దాని బదులు త్రిఫల పెట్టుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది, కాబట్టి వాళ్ళు కషాయాలతో నెలలు గడపకూడదు.

నల్గొండ వైపు, ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల పళ్ళ మీద వచ్చే గోధుమ మచ్చలు పన్ను తయారయ్యే వయసులోనే లోపల పడిపోయినవి. ఏ ఆకు రసంతోనూ అవి పోవు, పోతాయని చెప్పి డబ్బులు గుంజేవాళ్ళని నమ్మకండి. కాచడం వల్ల నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గదు, ఇంకా చిక్కబడుతుంది, అక్కడ కషాయానికి కూడా శుద్ధి చేసిన తాగునీళ్ళే వాడండి.

పొగాకు వాడేవాళ్ళకి ఒక విషయం గట్టిగా చెప్పాలి. నికోటిన్ రక్తనాళాలని ముడుచుకునేలా చేస్తుంది, అందుకే చిగుళ్ళు లోపల పాడవుతున్నా రక్తం రాదు. రక్తం రావట్లేదు కదా, కషాయం పనిచేస్తోంది అనుకునే ప్రమాదం ఉంది. గుట్కా, ఖైనీ నమిలేవాళ్ళకి నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోవడం, కారం తగిలితే భరించలేకపోవడం మొదలైతే అది వేరే జబ్బు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ (చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని) తాగే అమ్మమ్మలకి అంగిట్లో తెల్లటి మచ్చలు, పుళ్ళు వస్తాయి, అంగిటి కాన్సర్ అక్కడ ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. వాళ్ళని ఒకసారి వెలుతుర్లో కూర్చోబెట్టి, నోరు తెరవమని అంగిలి చూడండి. రెండు వారాలైనా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, గట్టిగా తగిలే గడ్డ, ఏది కనిపించినా తుమ్మ కషాయం పోసి ఇంకో నెల చూద్దాం అనొద్దు, ఆ వారమే డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. ఏ కషాయం ఎన్నాళ్ళుగా పుక్కిలిస్తున్నారో కూడా ఆయనకి చెప్పండి, టానిన్ మరక ఏదో అసలు మచ్చ ఏదో తేల్చుకోవడానికి ఆ వివరం పనికొస్తుంది.